పది లీటర్ల పీసీ, పక్కనే మైక్: ఫ్యాన్ చప్పుడు ఎలా తగ్గించాలి?

కథల_గొంతు

అందరికీ నమస్కారం. నేను కథలు, పాఠాలు చదివి రికార్డ్ చేస్తుంటాను. మైక్, మానిటర్, పీసీ అన్నీ ఒకే బల్ల మీద. ఇన్నాళ్లూ పెద్ద టవర్‌ని బల్ల కింద పెట్టి నెట్టుకొచ్చాను. రికార్డింగ్‌కి ఒక గది, ఎడిటింగ్‌కి ఇంకో గది అయ్యాక దాన్ని మోయలేక, ఒంటిచేత్తో ఎత్తుకెళ్లేంత చిన్నది కట్టుకున్నాను.

కేసు ఫ్రాక్టల్ టెర్రా, 10.4 లీటర్లు. రైజెన్ 7 7700, మినీ ఐటీఎక్స్ బోర్డు, 32 జీబీ ర్యామ్, రెండు స్లాట్ల ఆర్‌టీఎక్స్ 4070, 750 వాట్ల ఎస్‌ఎఫ్‌ఎక్స్ గోల్డ్ పవర్ సప్లై. సీపీయూ మీద 47 మి.మీ. ఎత్తున్న కూలర్, దానికి 92 మి.మీ. పల్చటి ఫ్యాన్. కేసులో అటూ ఇటూ జరిపే మధ్య గోడని సరిగ్గా నడిమిలో పెట్టాను.

పీసీ పనితీరుకి వంక పెట్టడానికి లేదు. గొడవంతా చప్పుడుతోనే.

రికార్డింగ్ చేసేటప్పుడు పీసీకి నిజానికి పనేమీ ఉండదు. అయినా బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరిస్తే చాలు, సీపీయూ ఫ్యాన్ "వూఁ" అని లేచి మళ్లీ దిగుతుంది. స్క్రిప్ట్‌లో పేజీ మార్చినా అంతే. నిలకడగా ఉండే హోరు అయితే నాయిస్ రిడక్షన్‌తో తీసేయొచ్చు. ఇది ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కాబట్టి ఫిల్టర్ దాన్ని పట్టుకోలేక, దాంతోపాటు నా "స", "శ"ల చివర్లు కూడా కొరికేస్తోంది. "మనసు" అని చదివితే "మనహు" అని వినపడుతోంది. సెట్టింగ్ పెంచితే మాట పోతుంది, తగ్గిస్తే ఫ్యాన్ ఉండిపోతుంది.

రెండోది, ఎడిటింగ్ అయ్యాక శబ్దం శుభ్రం చేసే ప్లగిన్ గానీ వీడియో ఎక్స్‌పోర్ట్ గానీ నడిపితే సీపీయూ 95 డిగ్రీలకు పోతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సెన్సర్ సాఫ్ట్‌వేర్‌లో ప్యాకేజ్ పవర్, అంటే చిప్ మొత్తం తీసుకునే కరెంటు, 120 వాట్లు దాటుతోంది. 65 వాట్ల చిప్ అనే కదా తీసుకున్నది? అప్పుడు మైక్ ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి చప్పుడు భరించొచ్చు గానీ, ఆ 95 చూస్తే టెన్షన్‌గా ఉంటుంది.

మూడోది గ్రాఫిక్స్ కార్డు. కాసేపు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోతాయి, ఉన్నట్టుండి మొదలవుతాయి, మళ్లీ ఆగుతాయి. ఆ మొదలయ్యే క్షణం ప్రతిసారీ ట్రాక్‌లో పడుతుంది.

వాటర్ కూలింగ్ పట్టే కేసుకి మారిపోవాలా, లేక మంచి ఫ్యాన్లు కొంటే సరిపోతుందా? గేమ్స్ ఎప్పుడో ఒకసారి ఆడతాను, అది ముఖ్యం కాదు.

---

పిక్సెల్_పిచ్చి

240 ఏఐఓ (240 మి.మీ. రెడీమేడ్ వాటర్ కూలర్) పట్టే కేసు తీసుకోండి, తలనొప్పి వదిలిపోతుంది. నేను లియాన్ లీ ఏ4-హెచ్2ఓ వాడుతున్నా, అది కూడా 11 లీటర్లే, మీ దానికంటే పెద్ద తేడా ఏం లేదు. గేమ్‌లో సీపీయూ 65 దాటదు. పంపు చప్పుడు చెవి ఆనిస్తే తప్ప తెలీదు. కార్డుకి అండర్‌వోల్ట్ (వోల్టేజ్ తగ్గించడం) చేసేయండి, అది ఎలాగూ అందరూ చేయాల్సిందే.

---

రాగిరెక్కలు

చెవి ఆనిస్తే వినపడేది అడుగు దూరంలో ఉన్న కండెన్సర్ మైక్‌కి కూడా వినపడుతుంది, పిక్సెల్ గారూ. పైగా పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఎయిర్ కూలర్‌లో అలాంటిదేమీ లేదు. గేమ్స్‌కి మీ సలహా మంచిదే, వీరి పని వేరు.

కథల గొంతు గారూ, కేసు మార్చకండి. ఫ్యాన్లు కూడా ఇప్పుడే కొనకండి. ముందు బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగ్‌లలోకి వెళ్లండి.

ఆ 120 వాట్లు అన్న అంకె దగ్గరే విషయం ఉంది. 7700కి ఏఎండీ చెప్పే టీడీపీ, అంటే కూలర్ ఎంచుకోవడానికి ఇచ్చే వాట్ల లెక్క, 65 వాట్లు. కానీ సాకెట్ దగ్గర చిప్ నిజంగా తీసుకోగలిగే హద్దు వేరు, దాన్ని పీపీటీ అంటారు. మీ చిప్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లో అది టీడీపీకి 1.35 రెట్లు, అంటే 88 వాట్లు. మీది అంతకు మించి తాగుతోందంటే బోర్డు ప్రీసెట్ ఏదో పీబీఓని (ఈ హద్దుల్ని మార్చే సెట్టింగ్) తెరిచి పెట్టింది. బోర్డు తయారుచేసినవాళ్లకి బెంచ్‌మార్క్‌లో రెండు పాయింట్లు ఎక్కువ రావడం ముఖ్యం. మీరు పైన పెట్టింది 47 మి.మీ. కూలర్ అని వాళ్లకేం తెలుసు?

పీబీఓని మాన్యువల్‌లో పెట్టి పీపీటీకి 65 ఇవ్వండి. థర్మల్ లిమిట్ అన్న ఆప్షన్ ఉంటే అక్కడ 85. వాట్లు సగానికి దగ్గరగా పడిపోతాయి గానీ వేగం అంత పడిపోదు. ఈ చిప్‌లలో చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసమే వోల్టేజ్ అడ్డగోలుగా పెరుగుతుంది, ఆ ముక్క వదులుకుంటే మిగిలింది చాలా చౌకగా వస్తుంది. తర్వాత వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్ నెగటివ్ 10తో మొదలుపెట్టండి. చాలామంది నేరుగా 30 పెట్టి, గంటసేపు స్ట్రెస్ టెస్ట్ నడిపి, సరిపోయిందని సంబరపడతారు. కర్వ్ ఎక్కువైతే బండారం లోడ్ మీద కంటే ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువగా బయటపడుతుంది, ఒక్క కోర్ పైకి దూకినప్పుడు ఠక్కున రీబూట్ అవుతుంది. అది మీకు రికార్డింగ్ మధ్యలోనే జరుగుతుంది, రాసిపెట్టుకోండి.

ఇక ఆ "వూఁ" సంగతి. మీ చిప్ తరమైన జెన్ 4లో ఎనిమిది కోర్లూ ఉండే చిప్లెట్ సుమారు 70 చదరపు మి.మీ. ముక్క. మీరు ట్యాబ్ తెరిచిన క్షణంలో ఒక కోర్ 5.3 గిగాహెర్ట్జ్‌కి దూకుతుంది, అంత చిన్న చోట వేడి పుడుతుంది, సెన్సర్ ఒక్కసారిగా 15, 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. బోర్డు కంగారుపడి ఫ్యాన్‌ని పరుగెత్తిస్తుంది. కానీ అప్పటికి కూలర్ లోహపు రెక్కలు ఇంకా చల్లగానే ఉంటాయి. వేడి రెక్కల దాకా రాకముందే ఆ పని అయిపోతుంది. అంటే ఆ ఫ్యాన్ పెరగడం వల్ల సీపీయూకి దక్కేది ఏమీ లేదు, మీ ట్రాక్ పాడవడం తప్ప.

కాబట్టి ఫ్యాన్ కర్వ్‌ని, అంటే ఏ వేడికి ఎంత వేగమో చెప్పే లెక్కని, 70 డిగ్రీల దాకా గీత గీసినట్టు సమానంగా ఉంచండి. ఆ తర్వాతే మెల్లగా ఎక్కాలి. బయోస్‌లో స్టెప్ అప్, స్టెప్ డౌన్ టైం ఉంటే పెంచండి. అది చాలకపోతే ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో హిస్టరిసిస్ (చిన్న మార్పులకి ఫ్యాన్ కదలకుండా చేసేది) కూడా పెట్టుకోవచ్చు.

దీనికి తోడు ఇంకో చిట్కా, ఇది మీలాంటివాళ్లకే పనికొస్తుంది. విండోస్‌లో "రికార్డింగ్" అని విడిగా ఒక పవర్ ప్లాన్ చేసుకుని, మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టండి. 100 నుంచి 99కి దించితే బూస్ట్ మొత్తం ఆగిపోతుంది, చిప్ 3.8 గిగాహెర్ట్జ్ బేస్ దగ్గర కూర్చుంటుంది. గొంతు రికార్డ్ చేయడానికి అది కావలసినదానికంటే ఎక్కువే. దూకుళ్లు ఉండవు, ఫ్యాన్‌కి లేచే పనీ ఉండదు. ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు మామూలు ప్లాన్‌కి మార్చుకోండి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఫ్యాన్ చప్పుడు వేగంతో పాటు మామూలుగా పెరగదు. వేగం సగమైతే సుమారు 15 డెసిబెల్‌లు తగ్గుతుంది. 10 డెసిబెల్‌లు తగ్గితేనే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. అదే ఒకే రకం ఫ్యాన్లు రెండు పెట్టి ఒకటి తీసేస్తే తగ్గేది 3 డెసిబెల్‌లే. ఖరీదైన ఫ్యాన్ కొంటే అదే వేగం దగ్గర కొద్దిగా లాభం ఉంటుంది. వాట్లు తగ్గిస్తే వేగమే తగ్గుతుంది. నేను ఎవరికైనా ముందు వాట్లే తగ్గించమంటాను, స్క్రూడ్రైవర్ తర్వాత.

స్క్రూడ్రైవర్ పని ఇదీ. టెర్రాలో మధ్య గోడని జరిపితే సీపీయూ వైపు 48 నుంచి 77 మి.మీ. దాకా వస్తుంది, అటు ఎంత పెరిగితే కార్డు వైపు అంత తగ్గుతుంది, అక్కడ 72 నుంచి 43. మీరు నడిమిలో పెట్టారు కాబట్టి కూలర్ పైన సుమారు 15 మి.మీ. ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోంచే ఫ్యాన్ బయటి గాలికి బదులు కేసులోపలి వేడి గాలిని మళ్లీ మళ్లీ పీల్చుకుంటుంది. నమ్మకం కుదరకపోతే టిష్యూ పేపర్‌ని సన్నటి పీలికగా చింపి, ప్యానెల్ కొద్దిగా ఎత్తి, కూలర్ పక్కన పట్టుకుని చూడండి. పీలిక ఫ్యాన్ వైపు వాలిందంటే పక్కనుంచి లాక్కుంటున్నట్టే.

దీనికి ఫోమ్ చాలు. కొంచెం గట్టిగా, నొక్కితే మళ్లీ లేచే రకం తీసుకుని, ఫ్యాన్ చట్రం అంచు మీద కూర్చునేలా చతురస్రంగా కత్తిరించి, మధ్యలో ఫ్యాన్ ఆకులకు తగలకుండా గుండ్రంగా తీసేయండి. ఖాళీ ఎంతో ఆ మందం కంటే ఒక మిల్లీమీటర్ ఎక్కువ ఉంచితే ప్యానెల్ మూసినప్పుడు నొక్కుకుని సీల్ అవుతుంది. పల్చటి రెండు ముక్కలు అతికించినా ఫర్వాలేదు. ఆ ఖాళీ ఎందుకని కూలర్‌ని ప్యానెల్‌కి ఆనించేసేవాళ్లు ఉన్నారు, అలా మాత్రం చేయకండి. చిల్లుల ప్యానెల్‌కి ఫ్యాన్ ఆకులు మరీ దగ్గరైతే సన్నటి ఈల మొదలవుతుంది, అది హోరు కంటే చిరాకు. ఖాళీ ఉండాలి, దాని పక్కలు మూసుకుని ఉండాలి.

తర్వాత ఎప్పుడైనా డబ్బు పెట్టాలనిపిస్తే, గోడని కార్డు వైపు జరిపి నాక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ పెట్టుకోండి. ఎత్తు 70 మి.మీ., ఫ్యాన్ 120. ఒకే వేగం దగ్గర గాలి ఫ్యాన్ వ్యాసానికి ఘనంలో పెరుగుతుంది కాబట్టి 92కీ 120కీ లెక్కలో రెండు రెట్లు పైనే తేడా. అంటే సగం వేగంతోనే అదే గాలి. పైగా దాంట్లో ఫ్యాన్ కూలర్ రెక్కల కింద ఉంటుంది, ప్యానెల్ చిల్లులకు దూరం. రెండు స్లాట్ల కార్డు మామూలుగా 40 మి.మీ. ఉంటుంది కాబట్టి పట్టాలి, అయినా మీ కార్డునీ ర్యామ్ ఎత్తునీ స్కేలుతో కొలిచాకే ఆర్డర్ పెట్టండి.

కార్డుది తేలిక. 4070 హద్దు 200 వాట్లు, ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 75 శాతం పెడితే 150. జీరో ఫ్యాన్ మోడ్ తీసేసి, కార్డు ఒప్పుకునే కనీస వేగం, చాలావాటిలో 30 శాతం, ఎప్పుడూ తిరిగేలా ఉంచండి. ఆగి ఆగి మొదలయ్యే ఫ్యాన్ కంటే మెల్లగా తిరుగుతూనే ఉండేది మైక్‌కి మేలు. మీ నాయిస్ ఫిల్టర్‌కి కావలసింది కూడా అదే కదా, నిలకడ. రెండు మానిటర్లు ఉంటే రెండింటి రిఫ్రెష్ రేట్ ఒకటే ఉందో లేదో కూడా చూడండి. కొన్ని జతల్లో అవి వేరైతే కార్డు మెమరీ ఖాళీగా ఉన్నా పూర్తి వేగంతో నడుస్తుంది, ఊరికే వేడెక్కుతుంది.

పవర్ సప్లైని వదిలేయండి. ఇవన్నీ చేశాక గట్టిగా వాడినా పీసీ మొత్తం 300 వాట్లు దాటదు, గోల్డ్ అంటే అందులో 30 వాట్లకి అటూ ఇటూ మాత్రమే వేడిగా పోతుంది. రికార్డింగ్‌లో అయితే అది లెక్కలోకే రాదు.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి కొలవకండి, నిశ్శబ్దమైన గదిలో అది చెప్పేది చాలావరకు ఫోన్ మైక్ సొంత రొదే. మీ దగ్గర అసలు పరికరమే ఉంది. మైక్ గెయిన్ కదపకుండా, మీరు మాట్లాడకుండా పది సెకన్లు రికార్డ్ చేసి ఆర్‌ఎంఎస్ (సగటు శబ్ద స్థాయి) చూడండి. ఏ మార్పు చేసినా ముందొకటి, తర్వాతొకటి. మైక్ కార్డియాయిడ్ (ముందువైపే బాగా వినే రకం) అయితే దాని వీపు సరిగ్గా పీసీ వైపు ఉండేలా తిప్పండి, అటువైపే అది తక్కువ వింటుంది.

---

పద్దెనిమిది_లీటర్లు

రాగిరెక్కలు గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు గానీ, ఈ కష్టమంతా ఎందుకో నాకు అర్థం కాదు. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 18 లీటర్లు, అది కూడా చేత్తో మోయొచ్చు. దాంట్లో థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 మినీ లాంటి 135 మి.మీ. టవర్ కూలర్ నిలబడుతుంది, పైనా కిందా 120 ఫ్యాన్లు పడతాయి. ఫోమ్ కత్తిరించక్కర్లేదు, కార్డుని బోర్డుకి దూరంగా బిగించే రైజర్ కేబుల్ అక్కర్లేదు. చిన్న కేసు ముచ్చట వేరు, నిశ్శబ్దం వేరు. రెండూ కావాలంటే వాట్ల దగ్గర బేరం తప్పదు, మీరు ఇప్పుడు చేయబోయేది అదే.

---

రాగిరెక్కలు

కొత్తగా కట్టేవాళ్లకైతే నేనూ అదే చెప్తాను. వీరు ఆల్రెడీ కొనేశారు, రోజూ మోస్తున్నారు. ఎనిమిది లీటర్ల తేడా మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

---

కథల_గొంతు

ముందుగా రాగిరెక్కలు గారికి థాంక్స్. వరసగా చేసుకుంటూ వచ్చాను.

పీపీటీ 65 పెట్టాక ఎక్స్‌పోర్ట్‌లో 95 కాస్తా 78కి వచ్చింది. టైం కొద్దిగా పెరిగింది, గడియారం చూసుకుంటే తప్ప తెలిసేంత కాదు. టిష్యూ పీలిక మీరు చెప్పినట్టే ఫ్యాన్ వైపు గట్టిగా వాలింది. ఫోమ్ పెట్టాక అదే ఎక్స్‌పోర్ట్‌లో 72. ఇంత చవగ్గా ఆరు డిగ్రీలు తగ్గుతాయని అనుకోలేదు. కర్వ్ 10 దగ్గరే ఆపాను, రీబూట్ భయం ఎందుకని.

99 శాతం ప్లాన్ అసలైన మంత్రం. ట్యాబ్‌లు తెరిచినా, పేజీలు తిప్పినా ఫ్యాన్ ఉలకదు పలకదు. మైక్‌లో గది రొద మైనస్ 57 డెసిబెల్‌లు ఉండేది, ఇప్పుడు మైనస్ 68. ఫిల్టర్‌ని సగానికి తగ్గించినా సరిపోతోంది, "మనసు" మళ్లీ "మనసు" అయింది.

ఒక్కటే మిగిలింది, ఇదేంటో అంతుపట్టడం లేదు. ఫ్యాన్‌ల వేగం అస్సలు మారడం లేదు, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూస్తూనే ఉన్నా. నిమిషానికి సీపీయూ ఫ్యాన్ 1100 చుట్లు, కార్డు ఫ్యాన్ 905. అయినా హెడ్‌ఫోన్స్‌లో మెల్లగా ఊగుతున్నట్టు "ఊఁ… ఊఁ…" అని సెకనుకి ఒకసారి వస్తోంది. పక్క ప్యానెల్ గట్టిగా నొక్కి పట్టుకున్నా పోవడం లేదు. ఆడాసిటీలో స్పెక్ట్రమ్ గీస్తే 165 హెర్ట్జ్ దగ్గర ఒక ముల్లు లేచి ఉంది. ఫ్యాన్ బేరింగ్ పోయిందంటారా?

---

రాగిరెక్కలు

బేరింగ్ బాగానే ఉండి ఉంటుంది. రెండు ఫ్యాన్‌లకీ ఆకులు ఎన్నో లెక్కపెట్టి చెప్పండి. ఆపి లెక్కపెట్టండి, తిరిగేటప్పుడు కాదు.

---

కథల_గొంతు

సీపీయూ ఫ్యాన్‌కి 9. కార్డు ఫ్యాన్‌కి 11.

---

రాగిరెక్కలు

అనుకున్నా. ఫ్యాన్ వేగాన్ని 60తో భాగించి ఆకుల సంఖ్యతో గుణిస్తే అది పాడే శ్రుతి వస్తుంది. సీపీయూది 1100 బై 60 ఇంటూ 9, అంటే 165 హెర్ట్జ్. కార్డుది 905 బై 60 ఇంటూ 11, అంటే 165.9. రెండూ దాదాపు ఒకే శ్రుతిలో పడ్డాయి, తేడా ఒక హెర్ట్జ్ కంటే కొంచెం తక్కువ. అలా పడ్డ రెండు స్వరాలు సెకనుకోసారి కలిసి పెరుగుతాయి, విడిపోయి తగ్గుతాయి. తంబురా తీగలు శ్రుతి చేసేటప్పుడు వినపడే ఊగుడు ఇదే. స్పెక్ట్రమ్‌లో మీకు రెండు ముళ్లు విడిగా కనపడలేదంటే దాని సెట్టింగ్‌లో సైజ్ తక్కువ పెట్టి ఉంటారు, పెంచితే కనపడొచ్చు.

రెండింటినీ విడదీయాలి. సీపీయూ ఫ్యాన్‌ని 950కి దించండి, 142 హెర్ట్జ్‌కి పోతుంది. మీ ఉష్ణోగ్రతలకి ఆ వేగం ధారాళంగా సరిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు రెండు మూడు డిగ్రీలు పెరిగినా పట్టించుకోకండి. కార్డుని కదపకండి, అది ఇప్పటికే కనీస వేగం దగ్గర ఉంది.

ఆ తర్వాత కూడా సన్నగా ఊగుతుంటే కార్డుకున్న ఫ్యాన్లు తమలో తామే కొట్టుకుంటున్నట్టు. అవి ఒకేలాంటివే అయినా ఒకటి 905, ఇంకోటి 912 తిరగడం మామూలే. మీ కార్డు రెండింటినీ విడివిడిగా చూపిస్తుందో లేదో ఆఫ్టర్‌బర్నర్‌లో చూడండి. చూపిస్తే సింక్ టిక్ తీసేసి ఒకదాన్ని 34 శాతానికి పెంచండి. చూపించకపోతే రెండింటినీ అలాగే వదిలేసి, రికార్డింగ్ చెయిన్‌లో 80 హెర్ట్జ్ హైపాస్‌తో (దాని కింది శబ్దాన్ని తీసేసే ఫిల్టర్) పాటు 166 దగ్గర ఒక సన్నటి నాచ్ (ఆ ఒక్క శ్రుతినే తీసేసే ఫిల్టర్) పెట్టండి, వెడల్పు తక్కువ ఉంచితే గొంతుకి ఏమీ కాదు.